లామినేషన్ మాహాత్మ్యం

వనరు అనే మాటకు నిఘంటువు చెప్పే అర్థం ఒకటి, భాషాబోధనలో స్థిరపడిన అర్థం మరొకటి. నిఘంటువు దృష్టిలో వనరు అంటే పనికి ఆధారమైనది. బడి దృష్టిలో వనరు అంటే లామినేషన్ చేయించినది. కాగితాల మీద బోధనాభ్యసన సామగ్రిగానూ, ఉపాధ్యాయుల నోట టీఎల్ఎమ్‌గానూ చెలామణి అయ్యే ఈ పదార్థం చార్టుగా, థర్మోకోల్ బొమ్మగా, ఐస్‌క్రీం పుల్లల చక్రంగా అనేక రూపాలు ధరించినా, వాటన్నిటిలోకీ శ్రేష్ఠమైనది ఫ్లాష్ కార్డు. ఒక వైపు బొమ్మ, మరో వైపు దాని పేరు ఉండి, పిల్లల కళ్లెదుట క్షణకాలం మెరిపించి తిప్పేసే అట్టముక్కను ఫ్లాష్ కార్డు అంటారు. అమెరికాలోని వారాంతపు బడిలో తెలుగు నేర్పడానికైనా, నందిగామ పక్క పల్లెలో ఇంగ్లీషు నేర్పడానికైనా అదే యాపిల్ పండు అదే ఎరుపుతో పనికొస్తుంది కనుక, పరబ్రహ్మం తరువాత దేశకాలాలకు అతీతమైనది ఇదొక్కటేనని చెప్పవచ్చు.

ఈ శాస్త్రపు మూలసూత్రం సరళమైనది. సామగ్రి ఎంత రంగురంగులుగా ఉంటే భాష అంత త్వరగా వస్తుంది. కృత్యం, అంటే పిల్లలు వినడంతో సరిపెట్టుకోక చేతులారా చేసే పని, ఎంత సందడిగా ఉంటే చదువు అంత లోతుగా దిగుతుంది. దీన్ని కాదన్నవారు బెత్తం కాలానికి చెందినవారుగా లెక్కకు వస్తారు కాబట్టి కాదనే సాహసం ఎవరూ చేయరు. పూర్వపు కృష్ణా జిల్లా పశ్చిమ మెట్టలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం ఈ భక్తిలో తక్కిన రాష్ట్రానికంటే ఒక మెట్టు ఎక్కువా కాదు, తక్కువా కాదు. అయితే పత్తీ మిరపా పండే ఈ నేలలో బడిగోడకు లోపలి మాటకూ వెలుపలి మాటకూ ఉన్న దూరం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కనుక, శాస్త్రాన్ని పరీక్షించడానికి ఇది అనువైన చోటు.

శాస్త్రానికి గొప్ప వంశమే ఉంది. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1980లలో ప్రయోగాత్మకంగా మొదలై, తరువాత రాష్ట్రమంతటా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు బోధనా సూత్రాలను ముందుంచింది. కృత్యాలను ఉపాధ్యాయుడే కల్పించుకోవాలి. పిల్లలు చేస్తూ, కనుగొంటూ నేర్చుకోవాలి. ఒంటరిగానూ జట్లుగానూ తరగతి మొత్తంగానూ పని జరగాలి. పిల్లల మధ్య తేడాలను గమనించాలి. స్థానిక పరిసరాలను వాడుకోవాలి. పిల్లల పనిని ప్రదర్శించి గదిని ఆకర్షణీయంగా ఉంచాలి. ఇందులో వంక పెట్టదగినది ఏదీ లేదు. కాకపోతే ఆరింటిలోనూ మేకుకు తగిలించగలిగినది చివరిదొక్కటే కావడం వల్లనూ, తనిఖీకి వచ్చినవారి కంటికి ఆనేది కూడా అదే కావడం వల్లనూ, తక్కిన అయిదూ కాలక్రమంలో రాలిపోయి గదికి అడ్డంగా కట్టిన పురికొసా, దానికి వేలాడే చార్టులూ మిగిలాయి. ఆ చార్టులైనా పిల్లలు రాసినవి కావు. చేతిరాత కుదురుగా ఉన్న ఒక మాస్టారు రాసినవి, లేదా స్టేషనరీ దుకాణంలో కొన్నవి.

అంతకు సమాంతరంగా 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం బడులకు బోధన సామగ్రిని చేరవేసింది. సామగ్రి బడికి చేరింది, బడి నుంచి బీరువాకు చేరింది, బీరువా తాళంచెవి ప్రధానోపాధ్యాయుడి సొరుగుకు చేరింది. దీన్ని నిర్లక్ష్యం అనుకోవడం పొరపాటు. ఇది స్టాక్ రిజిస్టరు నేర్పిన వివేకం. విరిగిన వస్తువుకు సంజాయిషీ రాయవలసి ఉంటుంది, వాడని వస్తువుకు రాయవలసిన పని లేదు. తరువాతి తరం ఈ వివేకాన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకువెళ్లి లామినేషన్‌ను ఆశ్రయించింది. నిదానించి చూస్తే లామినేషన్ అంటే ప్రతి కాగితానికీ విడివిడిగా తొడిగిన బీరువా. కిటికీ వెలుగు దాని మీద పడి తళతళలాడేటప్పుడు వెనక వరుస పిల్లలకు అందులోని బొమ్మ కనిపించదు, మెరుపు మాత్రమే కనిపిస్తుంది. ఫ్లాష్ కార్డు అనే పేరు సార్థకమయ్యేది అప్పుడే.

ఇక వినియోగం. మాస్టారు పెన్ను చూపించి ఇదేమిటని ఇంగ్లీషులో అడుగుతారు. నలభై గొంతులు ఒక్కటై ఇది పెన్ను అని ఇంగ్లీషులో అరుస్తాయి. అది పెన్నని అడిగినవారికి తెలుసు, చెప్పినవారికి తెలుసు, అడిగినవారికి తెలుసునన్న సంగతి చెప్పినవారికీ తెలుసు. ఇందరికి ఇంత స్పష్టంగా తెలిసిన విషయం మీద ఇంత పెద్ద గొంతుతో సంభాషణ జరిగే చోటు లోకంలో మరొకటి ఉండదు. జగ్గయ్యపేట బజారులో ఎవరైనా మిరపకాయ పట్టుకుని ఇదేమిటని అడిగితే పక్కవారు ముందు అతని ఆరోగ్యం గురించి వాకబు చేస్తారు. అక్కడ అడిగేది కిలో ఎంత, ఏ ఊరి కాయ, కారం ఉందా, సరిగ్గా ఎండిందా అని. భాషాబోధకులు సమాచార అంతరం అని వ్యవహరించేది దీన్నే: ఒకరికి తెలిసి మరొకరికి తెలియనిది ఏదో ఒకటి మధ్యలో ఉన్నప్పుడే మాటకు పని పడుతుంది. ఫ్లాష్ కార్డుకు జవాబు వెనకే అచ్చయి ఉంటుంది కనుక అటువంటి అంతరం ఏర్పడే ప్రమాదం లేదు.

చార్టుల్లోకెల్లా నిత్యసేవలు అందుకునేది వాతావరణ చార్టు. ఎండ, మేఘం, వాన, మంచు అనే నాలుగు గడుల మధ్య అట్టముల్లు ఉంటుంది. రోజూ పొద్దున ఒక పిల్లవాడు లేచి వచ్చి ముల్లు తిప్పి ఆనాటి వాతావరణాన్ని ఇంగ్లీషులో ప్రకటించాలి. నందిగామలో ఆ ముల్లు ఏడాదిలో చాలా భాగం ఎండ దగ్గరే ఉంటుంది, మంచు కురిసే గడి వైపు ఎన్నడూ పోదు. అయినా ఆ గడి ఉండి తీరాలి, ఎందుకంటే చార్టు ప్రపంచస్థాయిది. జల్లుకూ ముసురుకూ, పదునుకూ బెట్టకూ తేడా తెలిసిన ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఆ మాటలు పెట్టుకోవడానికి మాత్రం అందులో గడి లేదు. పత్తిగింజ పెట్టడానికి తండ్రులు తొలకరి కోసం ఆకాశం వైపు చూసే జూన్ నెలలోనే, బడి తెరవగానే పిల్లలు వానను వెళ్లిపొమ్మని బతిమాలే ఆంగ్ల శిశుగేయాన్ని చేతులు ఊపుతూ పాడతారు. మెట్ట పైర్ల మీద ఈ గేయం చూపే ప్రభావాన్ని వ్యవసాయ శాఖ వేరుగా అంచనా కట్టవలసి ఉంది.

కృత్యాల్లో పదాల వెతుకులాటకు ప్రత్యేక గౌరవం ఉంది. గడుల నిండా పేర్చిన అక్షరాల్లో దాగిన మాటలను అడ్డంగా, నిలువుగా, ఐమూలగా పట్టుకుని గీత చుట్టే ఈ పనిని, ఒక్క మాటకైనా అర్థం తెలియని పిల్లవాడు సైతం ఆకారాలను పోల్చుకుని పూర్తి చేయగలడు. భాష అవసరం ఇంత తక్కువగా ఉండటం చేతనే అది అత్యంత విజయవంతమైన భాషాకృత్యంగా పేరు తెచ్చుకుంది. ఆజ్ఞ విని ఒంటితో బదులిచ్చే పద్ధతికి అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో రూపం ఇచ్చినప్పుడు, పిల్లవాడు ముందు విని అర్థం చేసుకోవాలనీ, నోరు తనంతట తెరుచుకునే దాకా ఆగాలనీ అందులో ఒక ఆలోచన ఉండేది. అది మన తరగతికి చేరేసరికి ముందు వరుసవాడు ముక్కు పట్టుకుంటే, వాడిని చూసి వెనక వరుసలన్నీ ముక్కు పట్టుకునే పద్ధతిగా స్థిరపడింది. ఇంతా చేసి, కృత్యం పూర్తయిందనడానికి గుర్తు ఫోటో వాట్సాప్ గ్రూపులో పడటం. ఫోటోలో శబ్దం ఉండదు కనుక ఎవరు ఏ భాషలో ఏమి మాట్లాడారన్న చర్చకు తావు లేదు.

దోషాన్ని మాస్టారి మీద మోపడం అన్యాయం. ఒకే గదిలో రెండు తరగతులను కూర్చోబెట్టుకునే ఉపాధ్యాయుడు, ఒక దశలో మరుగుదొడ్ల ఫోటోలను కూడా తానే యాప్‌లో పెట్టవలసి వచ్చిన రాష్ట్రంలో, బోధనకు కూడా ఫోటోయే రుజువని అనుకుంటే అది ఆయన నేర్చుకున్న పాఠమే. పైనుంచి దిగే వనరులకూ కొదవ లేదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతికి ట్యాబులు వచ్చాయి. 2023 జూన్‌లో ఈటీఎస్ అనే అమెరికా సంస్థతో ఒప్పందం కుదిరి, విదేశీ విశ్వవిద్యాలయాల్లో సీటు కోరేవారు రాసే టోఫెల్ పరీక్షకు చిన్నపిల్లల రూపం మూడో తరగతి దాకా దిగి వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ పరీక్ష వచ్చిన దారినే వెళ్లిపోయింది. తెచ్చినవారు తెచ్చినందుకు గర్వించారు, తీసేసినవారు తీసేసినందుకు గర్వించారు. మూడో తరగతి పిల్ల తనకు కావలసినది నోరారా అడగగలదా అన్న ప్రశ్న గర్వించడానికి పనికిరాదు కనుక ఎవరికీ అక్కరకు రాలేదు.

వనరులు లేని కాలంలో భాషలు ఎలా నేర్చుకున్నారన్నది ఈ శాస్త్రానికి కొంచెం ఇబ్బంది కలిగించే ప్రశ్న. సవర భాష నేర్వదలచిన గిడుగు వెంకట రామమూర్తి, తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని, మాట్లాడి, రాసుకుని, చివరకు 1931లో ఆ భాష మీద ఆంగ్లంలో ప్రామాణిక గ్రంథం వెలువరించారు. ఆయన టీఎల్ఎమ్ మొత్తానికీ ప్రాణం ఉంది, దానికి ఎదురు ప్రశ్నలు వేసే అలవాటూ ఉంది. భాషాబోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు బడుల్లో నడిపిన ప్రయోగంలో పిల్లలకు వ్యాకరణం గానీ పదాల పట్టిక గానీ ఇవ్వలేదు; పటాలూ రైళ్ల వేళాపట్టికలూ ఇచ్చి, ఏ బండి ఎక్కితే వేళకు చేరవచ్చో ఇంగ్లీషులో తేల్చమన్నారు. తేల్చవలసినది ఉంది కనుక భాష దాని వెంట నడిచింది. నందిగామ బస్టాండులో వేళలు చూసి కాగితం మీద రాసుకుని వస్తే, మధిరలో పది గంటల పెళ్లికి ఏ బస్సు ఎక్కాలన్న సమస్య మీద ఒక పూట తరగతి నడుస్తుంది. దీనికి ఖర్చు లేదు కనుక పథకం లేదు, పథకం లేదు కనుక శిక్షణ లేదు.

జగ్గయ్యపేట పక్కన ధనబోడు గుట్ట మీద 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించిన బౌద్ధ స్తూపానికి, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి స్తంభాలు ఎత్తించి, ఆ సంగతిని ప్రాకృతంలో చెక్కించాడు. తాను ఎవరో, ఏ ఊరివాడో, ఏమి ఇచ్చాడో లోకానికి చెప్పవలసిన అక్కర అతనికి ఉంది. అందుకే ఆ రాత లామినేషన్ లేకుండానే దాదాపు 1700 ఏళ్లు నిలిచింది. ఈనాడూ ఈ మెట్టలో తండా పిల్ల ఇంట్లో లంబాడీ, వీధిలో తెలుగు మాట్లాడుతుంది. 65వ నంబరు జాతీయ రహదారి పక్కన హోటలు పెట్టుకున్నవారి కొడుకు ఉత్తరాది లారీ డ్రైవర్లతో హిందీలో బేరం చేస్తాడు. అదే కుర్రవాడు పదో తరగతిలో, తక్కిన సబ్జెక్టులకు 35 మార్కులు కావలసిన చోట, హిందీకి 20 చాలునని ఊపిరి పీల్చుకుంటాడు. రోడ్డు మీద వచ్చిన భాష బడిలో రాకపోవడాన్ని ఎవరూ వింతగా చూడరు.

మిరప కోతల కాలంలో మెట్ట బడుల్లో హాజరు పలచబడుతుంది. వచ్చిన కొద్దిమందితో ఎర్రపూసలనూ తెల్లపూసలనూ వేరు చేయిస్తూ రంగుల పేర్లు నేర్పే కృత్యం గదిలో సాగుతుండగా, రానివారు కల్లంలో తల్లి పక్కన కూర్చుని ఎర్రకాయలో నుంచి తాలు ఏరుతుంటారు. అదీ వేరు చేసే కృత్యమే గానీ, అక్కడ తప్పు చేస్తే ధర పడిపోతుంది. ఏ కాయ తాలో, దాన్ని ఎలా గుర్తుపట్టాలో, అది ఎందుకు అలా అయిందో విజయవాడ నుంచి రోజూ బస్సులో వచ్చే మాస్టారికి తెలియదు. ఆయన గుప్పెడు కాయలు బల్ల మీద పోసి నిజంగానే అడిగితే, చెప్పడానికి పిల్లల దగ్గర విషయం ఉంటుంది, ఇంగ్లీషులో చెప్పడానికి మాటలు చాలవు. ఆ చాలని చోటనే ఒక్కొక్క మాట అడిగి పుచ్చుకుంటారు. ఈ పద్ధతిలో చిక్కు ఒకటే. తనిఖీ నాడు బీరువా తెరిస్తే చూపించడానికి ఏమీ ఉండదు; తాలుకాయలను లామినేషన్ చేసే యంత్రం జగ్గయ్యపేటకు ఇంకా రాలేదు.