డబ్బు కట్టి పోయే వలస

బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన సిక్కోలు, ఇజీనారం కుర్రాళ్లకి ఈమధ్య మాల్దీవుల పిచ్చి పట్టింది. ఉత్త మాల్దీవులు కాదు, లివ్‌అబోర్డ్. ఓడలోనే పడక, ఓడలోనే తిండి, రోజుకి మూడు నాలుగు స్కూబా డైవింగ్ మునకలు. వారం రోజులు నేల మీద కాపురం లేదు. ఖర్చు లక్షల్లో, తిరిగొచ్చాక ఉపన్యాసం మాత్రం ఉచితం: "సిగ్నల్ లేదు, ఇరుకు గది, మంచినీళ్లు పొదుపు. జీవితమంటే ఏమిటో అప్పుడు తెలిసింది!"

ఎచ్చెర్ల మండలం మత్స్యలేశంలో ఈ జ్ఞానం మీసాలొచ్చేసరికే వస్తుంది, అదీ ఎదురు జీతమిచ్చి మరీ. గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోటెక్కితే వారాల తరబడి దిగరు. వలల పక్కనే వంట, వలల మీదే నిద్ర, అడుగున ఐసులో చేపలు. బోటు నాయకుడు తండేలు, అతని మాటే చట్టం. వాళ్లలో ఓ పెద్దాయనకి డైవింగ్ సంగతి చెబితే నోరు తెరిచాడు: "పట్టరా? ఉట్టినే సూసొచ్చీడానికి అంత డబ్బా బావూ?"

డైవింగ్‌లో జాగ్రత్తలు గట్టివే, కాదనను. కొత్తవాడికి 18 మీటర్లు, ఎంత మొనగాడైనా సరదా డైవింగ్‌కి 40 మీటర్లే హద్దు. పైకొచ్చేముందు 5 మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగాలి. ఆఖరి మునక తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, ఒంట్లో మిగిలిన నత్రజని బుడగలు కడుతుంది. హద్దు మీరితే మణికట్టు మీది కంప్యూటర్ కీచుమంటుంది. వెరావల్ బోటుకున్న హద్దు నీళ్ల మీద కనపడదు. అది దాటారని 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుపోయిన మన జాలర్లు, ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లే, కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉండి 2020 జనవరిలో వాఘా మీదుగా వచ్చారు. అన్నాళ్లూ వాళ్లకీ సిగ్నల్ లేదు. పాపం, దాన్ని డిజిటల్ డిటాక్స్ అంటారని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. 2025లో వాళ్ల కథ మీదే 'తండేల్' సినిమా వస్తే మన డైవర్లు మల్టీప్లెక్సులో పాప్‌కార్న్ పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నారు.

"మన తీరంలో ఏముందండీ?" అని ఈ డైవర్లదే ఇంకో మాట. చింతపల్లి దగ్గర నీళ్లలో మునిగిన ఓడ ఉంది, డైవింగ్ చేయిస్తున్నారు. ఒడ్డున గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లున్నాయి. శ్రీకాకుళం జిల్లాకే 193 కిలోమీటర్ల తీరం. ఇన్నాళ్లూ లేనిదల్లా బోటు కట్టుకునే హార్బరు. తెల్లారగట్ల బుడగట్లపాలెంలో చూడండి: ఏడెనిమిది మంది భుజాలానించి ఫైబరు బోటుని కెరటంలోకి తోస్తుంటారు, కెరటం దాన్ని అడ్డంగా తిప్పి వాళ్ల మోకాళ్ల మీదికే విసిరేస్తుంది. మళ్లీ తోస్తారు. దీనికి ఇన్‌స్ట్రక్టరూ లేడు, సర్టిఫికెట్టూ లేదు. పెద్ద బోటు నిలిపే చోటు లేకే కుర్రాళ్లు వెరావల్ దారి పట్టారు.

ఆగస్టులో అక్కడి బోట్లకి మనుషులు కావాలి. "సముద్రం పిలుస్తోంది" అని రాసుకునే బాబులు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కండి. భోజనం, పడక ఓనరువే.