నా మూర్ఖత్వానికి 256 గళ్ళు

ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ప్రోగ్రాం ఆగిపోయిందంటూ వస్తే నేనడిగే మొదటి ప్రశ్న: "చివరగా ఏం మార్చావు?" రెండోది: "పాత కాపీ ఉంచావా?" ఈ రెండు ప్రశ్నలవల్ల నాకు అక్కడ కాస్త పేరు కూడా ఉంది. నా కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం వీటిలో ఒక్కటీ నన్ను నేను అడుక్కోలేదు.

కారు 1990 మాజ్డా మియాటా. రెండు సీట్లు, 1.6 లీటర్ల ఇంజన్. డాలస్‌లో ఉద్యోగం, ఇల్లు, పిల్లల బడి అన్నీ కుదిరాక పుట్టిన ముచ్చట. కొన్నప్పుడు బుద్ధిగానే నడిచేది. ఎప్పటికైనా టర్బో పెట్టకపోతానా అని, ఆ ఎప్పటికో కోసం ఇప్పుడే పాతవాటికి రెట్టింపు ఇంజెక్టర్లు వేశాను. కంపెనీ కంప్యూటర్ పీకేసి మెగాస్క్వర్ట్ పెట్టాను. బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో అనే ఇద్దరు అమెరికన్లు, ఎవరికివారు ఇంట్లో టంకం పెట్టి తయారు చేసుకునేలా రూపొందించిన ఇంజన్ కంప్యూటర్ అది. లాప్‌టాప్ తగిలిస్తే ఇంజన్ గుట్టంతా తెర మీదికొస్తుంది. పదహారు అడ్డవరుసలు, పదహారు నిలువు వరుసలు. ఏ వేగంలో, ఏ ఒత్తిడి దగ్గర సిలిండర్లు ఎంత గాలి పీలుస్తాయో చెప్పే 256 గళ్ళు. గడిలో అంకె పెంచితే అక్కడ పెట్రోలు పెరుగుతుంది. ఏళ్ళ తరబడి పట్టికలు దిద్దుకుంటూ బతికినవాడికి అంతకన్నా ఏం కావాలి?

పెట్టిన దగ్గర్నుంచీ ఐడ్లింగ్‌లో వణుకు. నిమిషానికి 850 చుట్ల దగ్గర నిలవాల్సిన ఇంజన్ 700కి జారి, ఉలిక్కిపడి 1,000కి ఎగిరి, మళ్ళీ జారేది. సిగ్నల్ దగ్గర ఆగితే అద్దంలో వెనక కారు ఊగుతూ కనిపించేది. యాక్సిలరేటర్ తొక్కితే వణుకు మాయం. "కొన్నప్పుడు ఇలా లేదు కదండీ" అంది మా ఆవిడ. జవాబుగా ఆమెకి గాలీ పెట్రోలూ కలిసే నిష్పత్తి మీద ఉపన్యాసం ఇచ్చాను. స్వచ్ఛమైన పెట్రోలయితే ఒక పాలుకి 14.7 పాళ్ళ గాలి, తూకం లెక్కన. ఇక్కడి బంకుల్లో పది శాతం ఇథనాల్ కలుస్తుంది గనక 14.1. మన సైలెన్సర్ గొట్టంలోని వైడ్‌బ్యాండ్ సెన్సర్ 16 చూపిస్తోంది. అంటే లీన్. అంటే పెట్రోలు చాలట్లేదు.

ఆ రెండో "అంటే" దగ్గరే నా బుద్ధి గడ్డి తింది. ఆ సెన్సర్‌కి పెట్రోలు కనబడదు, దానికి తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే. ఒక సిలిండర్ మిస్ కొడితే మండని పెట్రోలూ మిగిలిపోయిన ఆక్సిజనూ కలిసే బయటికొస్తాయి. సెన్సర్ ఆక్సిజన్ని పట్టుకుని లీన్ అంటుంది. నేను ఆటోట్యూన్ నొక్కాను. అది సెన్సర్ మాట నమ్మి అంకెలు పెంచుతూ పోయింది. నిష్పత్తి 14కి దిగింది. గర్వంగా సేవ్ చేశాను, పాత ఫైలు మీదే. వణుకు అలాగే ఉంది.

తరవాత అనుమానం ఇంజెక్టర్ డెడ్‌టైం మీదికి పోయింది. కరెంటు అందాక ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే సమయం అది, సుమారు ఒక మిల్లీసెకను. పూర్తిగా తొక్కినప్పుడు ఇంజెక్టర్‌కి పదేసి మిల్లీసెకన్లు కరెంటు అందుతుంది కాబట్టి అక్కడ కాస్త తేడా వచ్చినా తెలియదు. ఐడ్లింగ్‌లో, అదీ పెద్ద ఇంజెక్టర్లతో, అందేది రెండు మిల్లీసెకన్లే. అందులో ఒకటి డెడ్‌టైంకే పోతుంది గనక 0.2 తప్పితే పెట్రోలు ఐదోవంతు తప్పినట్టే. రేడియేటర్ ఫ్యాన్ తిరిగితే వోల్టేజి పడి ఇంకా ఆలస్యమవుతుంది. నేనెక్కించిన అంకె నిజంగానే తప్పు. దిద్దాను. ఫ్యాన్ తిరిగినప్పుడల్లా ఇంజన్ కుంగడం తగ్గింది. ఆ చిన్న గెలుపే నన్ను పూర్తిగా ముంచింది. రోగమంతా అంకెల్లోనే ఉందని రుజువైపోయిందనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అంటారు. నా విషయంలో మద్దెల నిజంగానే ఓడు, నేను ఆట దిద్దుకుంటూ కూచున్నాను.

నిజం నా తెలివివల్ల బయటపడలేదు, దుబారావల్ల బయటపడింది. ఖరీదైన ఇరిడియం ప్లగ్గులు వేస్తే కుదురుతుందేమోనని కొని, పాతవి విప్పాను. మూడింటికి మసి. ఒకటో నంబరుది మాత్రం తెల్లగా ఉంది. నాలుగు సిలిండర్లకీ పట్టిక ఒకటే. అంకె తప్పయితే నాలుగూ ఒకేలా చెడాలి. ఒక్కటే వేరుగా ఉందంటే ఆ తప్పు లాప్‌టాప్‌లో ఉండే వీల్లేదు. ఎగ్జాస్ట్ మీద పడకుండా జాగ్రత్తపడుతూ, గాలి లీకుందేమో చూద్దామని ఒకటో ఇంజెక్టర్ మొదట్లో కార్బ్ క్లీనర్ చిటికెడు కొట్టాను. ఇంజన్ శబ్దం మారింది.

అక్కడి రబ్బరు చిరిగి ఉంది. చింపింది నేనే. కొత్త ఇంజెక్టర్లు దించేటప్పుడు రబ్బరుకి ఒక్క చుక్క ఇంజన్ ఆయిల్ రాయాలి. నేను పొడిగానే నొక్కేశాను. ఐడ్లింగ్‌లో మ్యానిఫోల్డ్ లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిలో సగం కూడా ఉండదు గనక ఆ చిరుగులోంచి గాలి జొరబడి, ఒకటో సిలిండర్ లీనై మిస్ కొట్టేది. తొక్కితే లోపలా బయటా ఒత్తిడి దాదాపు సమానమై లీకు తెలిసేది కాదు. మిగతా మూడూ నేను ఎక్కించిన పెట్రోలుతో మసిబారుతున్నాయి.

కొత్త రబ్బరు వేసి స్టార్ట్ చేస్తే నల్లపొగ, పెట్రోలు కంపు, ఆగిపోవడం. ఇంజన్ బాగుపడింది, పట్టిక చెడిపోయి ఉంది. అంత ఓపిగ్గా నేను రాయించుకున్నది ఇంజన్ లెక్క కాదు, చిరిగిన రబ్బరు లెక్క. వెనక్కి పోదామంటే పాత కాపీ లేదు. మొదట్నుంచీ మళ్ళీ కట్టుకొచ్చాను. ముందు టైమింగ్ లైట్ పెట్టి, తెర చెప్పే పది డిగ్రీలూ పుల్లీ మీది పది డిగ్రీలూ ఒకటేనా అని చూశాను. ఐడ్లింగ్ చుట్టూ ఉన్న గళ్ళను చదును చేశాను. పక్కపక్క అంకెల మధ్య తేడా ఎక్కువైతే ఇంజన్ ఆ రెంటి మధ్యే ఊగుతుంది. వేగం పడితే టైమింగ్ కాస్త ముందుకి, పెరిగితే వెనక్కి జరిగేలా పెట్టాక 850 దగ్గర నిలబడింది.

ఈమధ్య ఒక స్నేహితుడు తన కారుకీ ఇలాంటి పెట్టె బిగించి, వణుకుతోందిరా, దిద్దిపెట్టమని ఫైలు పంపాడు. ఫైలు తెరవకుండా నాలుగు ప్లగ్గుల ఫొటో పంపమన్నాను. ఇంతవరకూ పంపలేదు. నేను విద్య దాచుకుంటున్నానని మాత్రం మావాళ్ళందరికీ చెబుతున్నాడట.