లంఘనవిద్యా పద్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక

2008 ఫిబ్రవరి 14వ తేదీన అమెరికా దేశమున విడుదలయై, 88 నిమిషములలో ముగిసిపోవు "జంపర్" అను చలనచిత్రమునకు విమర్శకులు పెక్కుమంది దొరకిరి. వారిలో మెచ్చుకొన్నవారు కొలదిమంది. వ్యాఖ్యాత మాత్రము ఇంతవరకు దొరకలేదు. విమర్శకుడు వేరు, వ్యాఖ్యాత వేరు. మొదటివాడు కృతి బాగుగా లేదని చెప్పి యింటికి పోవును. రెండవవాడు ఆ బాగుగా లేని చోటనే పీట వేసికొని కూర్చుండి, అది యట్లేల యున్నదో నాలుగు పుటలు వ్రాయును. తలచినంత మాత్రమున తలచిన చోటికి దుముకగల వారి కథ యిది. 1992లో స్టీవెన్ గౌల్డ్ వ్రాసిన నవల దీనికి మాతృక. డగ్ లీమన్ దర్శకుడు. వ్యాఖ్యకు మూలపద్యము కావలెను గనుక, చిత్రమున అట్టిది లేదు గనుక, పద్యమును గూడ వ్యాఖ్యాతయే కట్టుకొనవలసి వచ్చినది. తన పద్యమునకు తానే టీక వ్రాసికొనుట సంప్రదాయవిరుద్ధమని యెవరైన ఆక్షేపింతురేని, కనీసము కవి హృదయము తెలియలేదను నింద నాకు రాదని మనవి.

మూలము

మంచు పగులంగ నేటిలో మాయమయ్యె
గ్రంథశాలనుఁ దడిబట్టఁ గానవచ్చెఁ
బరుల సొమ్ముతో దేశాలఁ బఱచుచుండె
దాటిపోయిన కంతలో దాయ దూఱె

ప్రతిపదార్థము

మంచు = ఏటిపై గడ్డకట్టిన హిమము; పగులంగన్ = బాలుని బరువునకు బీటలు వారగా; ఏటిలోన్ = మిషిగన్ రాష్ట్రమందలి ఆన్ ఆర్బర్ పట్టణపు నదిలో; మాయమయ్యెన్ = చూచువారి లెక్కలో చచ్చెను, తన లెక్కలో బ్రదికెను; గ్రంథశాలనున్ = ఆ యూరి గ్రంథాలయమున, పుస్తకపు బీరువాల నడుమ; తడిబట్టన్ = ఒడలికంటుకొన్న దుస్తులతో; కానవచ్చెన్ = దబ్బున పడెను; పరుల సొమ్ముతోన్ = బ్యాంకు ఖజానాలోని నోట్లకట్టలతో; దేశాలన్ = ఖండఖండాంతరములయందు; పఱచుచుండెన్ = విహరించుచుండెను; దాటిపోయిన కంతలోన్ = తాను దుమికిన పిమ్మట గాలిలో కొంతసేపు మాయక మిగిలియుండు చిల్లులో; దాయ = పగవాడు, జ్ఞాతి; దూఱెన్ = చొచ్చెను.

టీక

కథానాయకుడు డేవిడ్ రైస్. పాఠశాలలో చదువుకొను దినములలో, తాను వలచిన మిల్లీ యను బాలికకు ఒక గాజుగోళమును కానుకగా ఇచ్చును. అందులో ఈఫిల్ గోపురమును, కదలించినప్పుడు రాలు కృత్రిమపు మంచును గలవు. తోడి విద్యార్థి యొకడు దానిని పెరికి గడ్డకట్టిన ఏటిమీదికి విసరగా, తెచ్చుటకై పోయిన డేవిడ్ కాళ్ళక్రింద మంచు విరుగును. మునిగినవాడు తేలవలసినది ఏటిలోనే గదా. వాడు తేలినది గ్రంథాలయములో, కొంత ఏటినీటితో సహా. కావ్యదృష్టితో చూచిన నిది శుభారంభమే. గ్రంథపాలకుని దృష్టితో చూచిన కాదు. తడిసిన పుస్తకములకు వెల యెవరు కట్టిరో చిత్రమున ఎచ్చటను చెప్పబడలేదు.

గ్రంథాలయమే యేల, అని శంక. నవలయందు బాలుడు మొదటిసారి మాయమగుట ఏటిలో గాదు, తండ్రి కొట్టవచ్చిన సమయమున. అప్పుడును వాడు పోయి పడినది గ్రంథాలయములోనే. ఇంట నిలువ నీడలేని పిల్లవానికి, ఎవరును ఏమియు అడుగక కూర్చుండనిచ్చు చోటు అది యొక్కటే గనుక, ప్రాణభయమున మనస్సు దానినే తలచినది. దర్శకుడు దెబ్బలను తీసి మంచును పెట్టెను. కంటికింపైన మార్పే, కాని దెబ్బలు పోవుటతో ఆ గ్రంథాలయమున కున్న అర్థములో సగము పోయినది. మూలమున మొదటి రెండు పాదములను దగ్గరదగ్గరగా కూర్చుటకు కారణము, ఆ పోయిన సగమును పాఠకుడు తానై పూరించుకొనునను ఆశయే.

ఇచ్చట తెలుగు పాఠకునకు పెద్దన జ్ఞాపకము రాక మానడు. ఈ విద్యకు పాశ్చాత్యులు టెలిపోర్టేషనని పేరు పెట్టుకొన్నది 1931లో, ఛార్లెస్ ఫోర్ట్ "లో!" అను గ్రంథమున, శ్రీకృష్ణదేవరాయల కాలమునాటి మనుచరిత్రమున మాత్రము అది యొక సిద్ధుని సంచిలో పసరు రూపమున సిద్ధముగా నున్నది. పాదములకు ఆ పసరు పూసికొన్న ప్రవరుడు అరుణాస్పదపురము నుండి క్షణములో హిమాలయమునకు పోయెను. పోవుట సులభమైనది, కొండచరియల మంచునీటిలో పసరు కరిగిపోవుటచే రాకయే దుర్లభమైనది. ఒకనికి మంచువలన విద్య అబ్బినది, వేరొకనికి మంచువలననే విద్య పోయినది. ఈ రెంటిలో ఏది కథకు మేలు చేసినదో ఒక్కసారి ఆలోచింపవలెను. పసరు కరుగకపోయినచో ప్రవరుడు హిమాలయమును చూచి, మధ్యాహ్నమునకు ఇల్లు చేరి, వైశ్వదేవము చేసికొని భుజించియుండును. వరూధిని లేదు, ఆమె నిట్టూర్పు లేదు, స్వారోచిషుడు లేడు, ప్రబంధమే లేదు. దారి తెలియక నిలిచిపోయినవాడు గనుకనే ఆయన వరూధినిని దారి యడిగెను. అడిగెను గనుకనే కథ నడచెను. డేవిడ్ ఎన్నడును ఎవరిని దారి యడుగవలసిన యవసరము లేనివాడు. అందుచేత వాని కథకు లోపలినుండి కదలిక పుట్టదు. బయటినుండి ఎవరైన వచ్చి తరుమవలెను. ఈ చిత్రమందలి గుణదోషము లన్నియు ఈ యొక్క విషయమునుండియే పుట్టినవని వ్యాఖ్యాత మతము.

మూడవ పాదము. న్యూయార్కు చేరిన బాలుడు బ్యాంకు ఖజానాలో తలుపు తీయకయే ప్రవేశించి, సొమ్ము కొనిపోవుచు, తరువాత తిరిగి యిచ్చెదనని చీటి పెట్టిపోవును. ఋణపత్రము వ్రాసి పెట్టు దొంగ యగుటచే వీనిని ధీరలలితుడనవలెనా, శఠుడనవలెనా అని లాక్షణికులు తర్జనభర్జనలు పడుదురుగాక. ఎనిమిదేండ్ల పిమ్మట వాడు స్ఫింక్సు శిరస్సుపై కూర్చుండి ఫలహారము చేయును. ఫిజీలో అలలపై స్వారి చేయును. లండనులో సాయంకాలము గడపును. దూరదర్శనమున వరదలో చిక్కిన జనులను చూపి, వారిని అద్భుతమేదైన జరిగిననే తప్ప రక్షింపజాలమని వార్తాహరుడు చెప్పుచుండగా, ఆ యద్భుతము తానే యయ్యును వాడు లేచి విహారమునకు పోవును. చిత్రమంతటిలో వ్యాఖ్యాతకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది. నాయకుని ఇంత నిర్దయగా, ఇంత మౌనముగా చూపుటకు దర్శకునకు ధైర్యము కావలెను. ఆ ధైర్యమును చివరివరకు నిలుపుకొనకపోవుట వేరు మాట.

ఫలహారమును గూర్చి భౌతికశాస్త్రజ్ఞుల పూర్వపక్ష మొకటి కలదు. భూమి తిరుగుచున్నది గదా! న్యూయార్కున నిలుచున్నవాడు సెకనుకు సుమారు 350 మీటర్ల వేగమున తూర్పునకు పోవుచున్నాడు. గీజాలోని స్ఫింక్సు సుమారు 400 మీటర్ల వేగమున తన తూర్పునకు పోవుచున్నది. భూమి గుండ్రనిది గనుక ఆ రెండు తూర్పులును ఒక్క దిక్కు గావు. లెక్క వేసిన, ఒకని దృష్టిలో రెండవ దాని వేగము ఇంచుమించు 600 మీటర్లు. శబ్దవేగము 340. కావున తన పాతవేగము నట్లే నిలుపుకొని వచ్చిన డేవిడ్, స్ఫింక్సు శిరస్సుపై కూర్చుండుటకు మారుగా దానిని శబ్దముకంటె ముందుగా దాటిపోవలెను. సమాధానము: ఒడలితో పాటు బట్టలు, నీరు, నోట్లకట్టలు, కడపట ఒక గదిని సైతము కొనిపోగలవాడు, వేగమును మాత్రము వెనుకనే విడిచి వచ్చునని ఒప్పుకొనుటయే. కవిసమయములందు చంద్రకిరణములు త్రాగి బ్రదుకు చకోరమును ఒప్పుకొన్నవారికి ఇది గొప్ప చిక్కు గాదు.

నిజముగా శాస్త్రజ్ఞులు సాధించినది వేరు. 1993లో బెనెట్ మొదలైన ఆరుగురు సిద్ధాంతముగా ప్రతిపాదింపగా, 1997లో ఇన్స్‌బ్రుక్ నగరమున జైలింగర్ బృందమువారు ప్రయోగముచే చూపిన క్వాంటం టెలిపోర్టేషనులో, చోటు మారునది వస్తువు గాదు, ఒక కాంతికణముయొక్క స్థితి. అదియు మొదటి కణమున నశించిన మీదటనే రెండవదానియందు నెలకొనును. దానికి తోడుగా సామాన్యమైన వార్త యొకటి సామాన్యమైన మార్గమున పోవలెను గనుక కాంతికంటె వేగముగా జరుగుట పొసగదు. ఈ పద్ధతిని బ్యాంకు దోపలేము.

నాలుగవ పాదము. తరుమువారు పాలడిన్లు. నవలలో వీరు లేరు. అచ్చట డేవిడ్‌ను వెంటాడునది ప్రభుత్వపు గూఢచారి సంస్థ. చిత్రకర్తలు దానిని తీసి, మధ్యయుగము నుండి లంఘకులను వేటాడు ఒక మతతెగను కల్పించిరి. షార్లమేన్ చక్రవర్తి వీరభటులకు పాలడిన్లని పేరు. వారిలో అగ్రగణ్యుడు రోలాండు. అందుచేతనే ఇచ్చటి పాలడిన్ల నాయకునకును రోలాండనియే పేరు, తల నెరసిన శామ్యూల్ జాక్సన్ ధరించెను. డేవిడ్ పాత్రధారి హేడెన్ క్రిస్టెన్సెన్. ఈ యిరువురును 2005 నాటి స్టార్ వార్స్ చిత్రమున గురుస్థానీయుడును శిష్యస్థానీయుడునై యుండి, ఆ శిష్యుని మూలమున ఆ గురువు మడియుట సంభవించినది గనుక, ఇచ్చటి పగకు పూర్వజన్మవైరమే హేతువని పౌరాణికులు చెప్పదగును.

రోలాండుని ప్రతిజ్ఞ యేమనగా, సర్వకాలములందును సర్వస్థలములందును ఉండు శక్తి భగవంతునకే తగునని. ఇది హేత్వాభాసము. సర్వవ్యాపకత్వము వేరు, శీఘ్రగమనము వేరు. డేవిడ్ ఏకకాలమున రెండు చోట్ల ఎన్నడును లేడు. ఒక చోటనుండి మరియొక చోటికి ఆలస్యము లేక పోవుచున్నాడు, అంతియే. ముల్లోకములు చుట్టి వచ్చు నారదుని సర్వవ్యాపి యనుకొని ఏ దేవతయు కట్టివేయలేదు. నోటిదురుసునకు ఆయనను తిట్టినవారు మాత్రము కలరు. తర్కము చాలని రోలాండు విద్యుత్తు ప్రవహించు తీగలను నమ్ముకొన్నాడు. అవి చుట్టుకొన్నంతసేపు మనస్సు నిలువక లంఘనము కుదరదు.

తీగలు చాలవు. దుమికినవాని నెట్లు వెంబడించుట? ఇందులకే "కంత." లంఘకుడు పోయిన చోట గాలిలో గాయమువంటి మడత కొంతసేపు నిలుచుననియు, యంత్రసహాయమున దానిని విప్పి వెనుకవారు దూరవచ్చుననియు గ్రిఫిన్ అను మరియొక లంఘకుని ముఖమున చెప్పించిరి. 2002లో "బోర్న్ ఐడెంటిటీ" తీసి, ఇరుకు వీథులలో తరుముట యనగా నేమో లోకమునకు చూపిన లీమన్, ఇప్పుడు తరుముటకు వీలులేని నాయకుని చేతబట్టుకొని, తరుముటకు వీలుగా వానికి చిల్లు పెట్టవలసి వచ్చినది. మహాశక్తిని మొదటి అంకమున ఇచ్చి, రెండవ అంకమున దానికి పలుపుత్రాడు కట్టుట యగుచున్నది. అయినను ఆ త్రాటిచివర కొన్ని చమత్కారములు పుట్టినవి: టోక్యో వీథులలో కారు క్షణక్షణము మాయమై తేలుట, ఎడారిలో రెండంతస్తుల లండను బస్సు ప్రత్యక్షమగుట, తీగలకు చిక్కిన డేవిడ్ తాను పోజాలక, గదినే వెంటబెట్టుకొని ఏటిలో పడుట. రోమునగరపు కొలోసియములో జరుగు పోరు నిజముగా ఆ శిథిలములందే చిత్రింపబడినది. ఉదయము కొన్ని గంటలు, సాయంకాలము కొన్ని గంటలు మాత్రమే అనుమతి గల చిత్రబృందమునకు, తలుపులు లేని నాయకుని తలచుకొన్న కొలది అసూయ కలిగియుండును.

దాయ యను పదము. డేవిడ్ తల్లి అయిదేండ్ల బిడ్డను విడిచిపోయినది; ఏల పోయినదో వానికి తెలియదు. ఆమె పాలడిను. బిడ్డ లంఘకుడని యెరిగిన నాడు ఆమెకున్నవి రెండే దారులు: చంపుట, లేక విడుచుట. ఆమె విడిచినది. ఈ రహస్యము నంతటిని దర్శకుడు కడపటి నిమిషములలో హడావుడిగా చెప్పివేసెను. గంటకు పైగా బస్సులు దొర్లించిన చేతికి, గుమ్మమున నిలుచున్న తల్లీకొడుకులపై నాలుగు నిమిషములు ఎక్కువ నిలుపుటకు తీరిక లేకపోయెను. కూర్పువాడెవడో కాని, కత్తెర వేయవలసిన చోట వేయలేదు.

తాత్పర్యము

ఏటిలో మునిగి గ్రంథాలయమున తేలిన బాలుడు దారి లేనివాడగుటచే కాదు, అన్ని దారులు గలవాడగుటచే కథ లేనివాడయ్యెను. వానికి కథ కల్పించుటకై శత్రువులు కల్పింపబడిరి. శత్రువులకు త్రోవ కల్పించుటకై గాలికి కంత కల్పింపబడెను.

ఇక మిగిలినది ఒక్క శంక. కడపట తల్లి, తాను వేటకు బయలుదేరుటకు ముందుగా కుమారునకు కొంత వ్యవధి నిచ్చుచున్నానని తెలుపును. దూరమే లేనివానికి ముందుగా బయలుదేరుట వలన లాభమేమి? రెప్పపాటులో ధ్రువమున నుండగల వానికి గంట యైన, దినమైన ఒక్కటే గదా! దర్శకుడు ఉత్తరభాగమున తీర్పదలచియే దీనిని నిలిపియుండునేమో. గౌల్డ్ వ్రాసిన వేరొక నవల ననుసరించి 2018లో "ఇంపల్స్" అను ధారావాహిక వచ్చినది గాని, అందలి నాయిక వేరు, తల్లి వేరు. డేవిడ్ కథకు ఉత్తరభాగము రానేలేదు.