పాత ట్రాలీ, కొత్త ట్రాలీ: సటీకా తాత్పర్యము

మూలం: పాత బండి మనం చెప్పింది వింటుంది, కొత్త బండి మనకే చెబుతుంది.

అవతారిక. తెనాలి నిమ్మకాయల మార్కెట్టు బయట, రేపల్లె స్టేషను దగ్గర, బాపట్ల టీ కొట్ల ముందు ట్రాలీ డ్రైవర్లు నలుగురు చేరితే ఏదో ఒక రూపంలో వినబడే వాక్యమిది. కవి ఎవరో తెలియదు, డీజిల్ వాసన మాత్రం తెలుస్తుంది. మెదక్ సీమవాడైన మల్లినాథసూరి మూలంలో ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత మొదటి ఒట్టు పాటిస్తాడు. రెండోదానికి హామీ లేదు.

ప్రతిపదార్థం. పాత బండి = 2005లో టాటా వారు వదిలిన ఏస్. జనం నోట 'టాటా ఏసీ'; ఏసీ మాత్రం అందులో లేదు. 702 సీసీ ఇంజను, రెండు సిలిండర్లు, పదహారు గుర్రాల బలం, 'చోటా హాథీ' అని ఏనుగు పేరు. ఇంకా వెనక్కి వెళ్తే 1980లలో జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ కనిపిస్తుంది. ఫ్రిజ్‌లూ చేతి గడియారాలూ చేసిన హైదరాబాద్ ఆల్విన్ వారిదే అదీ. జహీరాబాద్ అప్పట్లో మెదక్ జిల్లా, అంటే సూరిగారి జిల్లాయే. దీన్నిబట్టి వ్యాఖ్యానానికీ వాహనానికీ అనాది సంబంధం ఉందని కొందరి మతం.

వింటుంది = తీగ లాగితే కదులుతుంది, స్పానర్ తిప్పితే తిరుగుతుంది. దారిలో ఆగిపోయినా ఏ ఊరి షెడ్డులోనైనా చెయ్యి పెట్టి చూడొచ్చు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక పొగగొట్టానికి కూడా సెన్సార్లు చేరాయి. ఇప్పుడు స్కానర్ తగిలిస్తే గాని మెకానిక్ నోరు విప్పడు.

కొత్త బండి = 2024 సెప్టెంబరులో 7.99 లక్షల మొదటి ధరతో వచ్చిన మహీంద్రా వీరో లాంటిది. డ్రైవరుకి ఎయిర్‌బ్యాగ్ ఉంది, పై మోడళ్లలో తెర, వెనక్కి చూసే కెమెరా ఉన్నాయి. చెబుతుంది = బెల్టు పెట్టుకోలేదని, స్పీడు మించిందని, వెనక గోడ ఉందని కుయ్‌కుయ్‌మంటుంది.

పూర్వపక్షం. గీత దాటితే స్టీరింగు సర్దేది, ముందు గేదె వస్తే తనంతట తానే బ్రేకు వేసేది ఇందులో ఏదీ? లేదు. 2019లో థాయిలాండ్‌లో విడుదలైన ఇసుజు డీ-మ్యాక్స్‌కి కొన్ని మోడళ్లలో అద్దం వెనక జంట కెమెరాలున్నాయి, బ్రేకు అదే వేసుకుంటుంది. అదే ఇసుజు 2016 నుంచి మన శ్రీసిటీలోనూ పికప్‌లు చేస్తోంది గాని, అవి అంతకు ముందు తరానివి. మహీంద్రా వారు 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో చూపించిన పికప్‌లో ఈ హంగులన్నీ ఉంటాయన్నారు. కేప్‌టౌన్ నుంచి కొల్లూరుకి చాలా దూరం.

వస్తే మాత్రం ఏం చూస్తుంది? గీత కాపాడే కెమెరాకి ముందు గీత కనబడాలి. కోతల కాలంలో డెల్టా రోడ్డు సగం కళ్లం. అంచు గీత మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, వడ్ల చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. కాలువకట్ట మీద గీతే ఉండదు. పైగా కెమెరా కూర్చునేది అద్దం పైభాగంలో, నడిమధ్య. మన బండికి అది దేవుడి స్థానం. అక్కడ వెంకటేశ్వరస్వామి స్టిక్కరో, అమ్మవారి బొమ్మో ఉంటుంది, దసరానాడు పసుపు కుంకుమా పడతాయి. స్వామివారిని జరగమని చెప్పే ధైర్యం ఏ షోరూము వారికి ఉంది?

ఇక డ్రైవరు సహాయం అనే శాస్త్రం ఇక్కడ కొత్తదేమీ కాదు. దాని పేరు క్లీనరు. 'రానీ, రానీ, రానీ, ఆపు' అంటూ వెనకపలక మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తాడు. శబ్దతరంగాలతో పనిచేసే సెన్సారుకి గడ్డిమోపు లాంటి మెత్తటి వస్తువు సరిగ్గా ఆనదు. క్లీనరుకి గడ్డీ, గడ్డిలో పడుకున్న కుక్కా రెండూ ఆనతాయి. కిరాయి గిట్టక క్లీనర్ని మానేసిన బళ్లలో మాత్రం సెన్సారుని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు.

అలంకారం విరోధాభాసం. చెవుల్లేని బండి వింటుందనడం, నోరున్న బండిని తప్పుపట్టడం. నిజానికి పాత బండిలో వినే పని డ్రైవరుదే. బేరింగు గీ అంటే, బ్రేకు లైనరు కర్రుమంటే ఆయనే వింటాడు. బండి వినయమని మూలం పొగిడినది ఆ మనిషి చెవి. ఆ చెవి పగలు బాగా పనిచేస్తుంది.

రాత్రి సంగతి వేరు. నిజాంపట్నం హార్బరు నుంచి ఐసు పెట్టెలు ఎత్తుకున్న బండి తెల్లారేలోగా సరుకు దించాలి. రేపల్లె, చెరుకుపల్లి, బాపట్ల మీదుగా పోయే 216వ జాతీయ రహదారి మీద రెండో జాములో రెప్ప వాలితే ఏ మెకానిజమూ అడ్డుపడదు. కునుకు పసిగట్టే హెచ్చరిక అక్కడే కావాలి. కేంద్ర రవాణా శాఖ 2025లో తెచ్చిన ముసాయిదాలో ఆ హెచ్చరిక, గీత దాటితే హెచ్చరిక, తనంతట పడే బ్రేకు అన్నీ ఉన్నాయి. అయితే బస్సులకూ, మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన లారీలకూ. ఆ గీతకి ఇవతల నిలిచే బొలెరో పికప్పూ, ఏసూ లెక్కలోకి రావు. 2025 అక్టోబరు నుంచి తప్పనిసరైన ఏసీ క్యాబిన్‌దీ ఇదే గీత. చిన్న బండి డ్రైవరుకి చిన్న నిద్ర వస్తుందని శాసనకర్తల భావన కాబోలు.

కనుక సిద్ధాంతం ఇది: కాలువకట్ట మీద మూలం ఒప్పు, హైవే మీద తప్పు. వాక్యం పగటిపూట పుట్టింది.

పాఠాంతరాలు రెండు. బాపట్ల పాఠంలో 'కొత్త బండి నెలనెలా చెబుతుంది' అని ఉంది. ఇది ఫైనాన్సు వారి ఫోను గురించి. రేపల్లె పాఠంలో 'పాత బండి ఏటేటా వింటుంది' అని ఉంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ రెండేళ్లకి బదులు ఏడాదికే ఇస్తారు కాబట్టి, పరీక్షకి ముందురోజు రేడియం స్టిక్కర్లు, ఇండికేటరు బల్బులు మార్పిస్తూ యజమాని తిట్టే తిట్లను అది నోరెత్తకుండా వింటుందని వ్యాఖ్యాతలు సమన్వయించారు.