ఆరు నెలల మంచితనం

మా మేనల్లుడు బుద్ధిమంతుడని మా అక్క ముప్పై రెండేళ్ళుగా చెబుతూనే ఉంది. కెనడా మాత్రం తల్లి మాట చాలదంది. పోలీసుల చేత రాయించుకు రమ్మంది.

అక్కడ శాశ్వత నివాసానికి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పిలుపొచ్చిందంటే 60 రోజుల్లో కాగితాలన్నీ అప్పజెప్పాలి. పద్దెనిమిదేళ్ళు నిండాక, గడిచిన పదేళ్ళలో ఏ దేశంలోనైనా వరసగా ఆరు నెలలున్నామా, ఆ దేశం నుంచి మనమీద కేసుల్లేవని కాగితం తేవాలి. అంతకు ఒక్కరోజు తక్కువున్నా మామూలుగా అడగరు. వెధవ వేషాలు మొదలెట్టడానికి మనిషికి అర్ధ సంవత్సరం పడుతుందని వాళ్ళ లెక్క కాబోలు. మా వీధిలో ఒక మధ్యాహ్నం చాలు.

మావాడు అమెరికాలో చదివి, దుబాయ్‌లో ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాడు. మూడు దేశాలు, మూడు శీలపరీక్షలు. అమెరికా కాగితం ఎఫ్‌బీఐ ఇస్తుంది. పద్దెనిమిది డాలర్లు, పది వేళ్ళ ముద్రలు. ఎఫ్‌బీఐ మాట చెవిన పడగానే అక్క చేతిలో గరిటె వదిలేసింది.

"వాడేం చేశాడురా?"

"ఏమీ చెయ్యలేదని చెప్పించుకోవడానికేనే."

"ఏమీ చెయ్యనివాడికి వేలిముద్రలెందుకు?"

నా దగ్గర జవాబు లేదు. దుబాయ్ కాగితం కూడా ఎలాగో చేతికొచ్చింది. మిగిలింది స్వదేశం.

ఇక్కడ పోలీసు సర్టిఫికెట్టు ఇచ్చేది పాస్‌పోర్టు ఆఫీసు. ఫీజు 500 రూపాయలు. విచారణ వంతు పోలీసులది. ఒకరోజు పొద్దున్నే కానిస్టేబుల్ బండాపి, "ఇరుగుపొరుగు ఇద్దరి ఆధార్ జిరాక్సులు, సంతకాలు కావాలి సార్" అన్నాడు. అక్కడే నా గుండె జారింది. ఎదురింటివాళ్ళు సంతకం పెట్టేశారు. కుడిపక్క ఇంటికి తాళం. ఎడమపక్కాయనకీ నాకూ మంచినీళ్ళ మోటారు దగ్గర మాటలు పడి రెండేళ్ళు. పండక్కి అరిసెలు పంపితే పళ్ళెం కూడా తిరిగి రాలేదు.

తప్పదుగా. గేటు తీసుకుని వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నాడు.

"కుర్రాడెలాంటివాడండీ?" కానిస్టేబుల్ అడిగాడు.

"కుర్రాడికేం, బంగారం. వాళ్ళ మావయ్యే..."

"మావయ్యగారు కెనడా వెళ్ళడం లేదు కదండీ, ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టాడు. ఆ రాత్రి నుంచి ఆయన మోటారు ఆరింటికి బదులు ఐదింటికే మోగుతోంది. నేను వినబడనట్టే పడుకుంటున్నాను. కానిస్టేబుల్ వెళ్తూ వెళ్తూ పెట్రోలు ధర తలచుకుని బాధపడ్డాడు. మేమూ ఒక ఐదొందల మేర బాధపడ్డాం.

పది రోజులకు కాగితమొచ్చింది. అక్క దాన్ని దేవుడి దగ్గర పెట్టి, బొట్టు పెట్టబోతే వాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. అప్పుడు నన్ను చదివి చెప్పమంది.

"ఇందులో వీడు బుద్ధిమంతుడని ఎక్కడుందిరా?"

"అలా రాయరే. ప్రతికూల సమాచారం ఏదీ లేదని రాస్తారు."

"అంటే వెతికితే దొరకలేదనా, అసలు వెతకలేదనా?"

నలభై ఏళ్ళు గుమాస్తాగా కాగితాలు చదివినవాణ్ణి, నాకు తట్టని సందేహం అది. ఆలోచిస్తూ కూర్చుంటే అక్కే తేరుకుంది. "పోనీలే, గుంటూరు సంబంధం వాళ్ళు కుర్రాడి అలవాట్ల గురించి తెగ వాకబు చేస్తున్నారు. దీని జిరాక్సు ఒకటి జాతకంతోపాటు పంపించు. గవర్నమెంటు ముద్ర కూడా ఉంది."

"అది పెళ్ళిళ్ళకి పనికిరాదమ్మా" అన్నాడు వాడు. "దరఖాస్తు పెట్టేనాటికి ఆరు నెలలు దాటితే కెనడాకే పనికిరాదు."

అక్క పంచాంగం అందుకుంది.

"అయితే శ్రావణం దాటనివ్వకూడదురా."