తాబేలుకు జబ్బు చేస్తే

ముందు కంగారు పడకండి. తాబేలు పడుతోందా? వారం నుంచి ముద్ద ముట్టకపోతే ఉపవాసమనుకోండి, కళ్ళు ఉబ్బి మూసుకుపోతే ధ్యానమనుకోండి. కార్తీకమాసమైతే ఇంకా నమ్మబుద్ధవుతుంది. ఒక పక్కకి ఒరిగిపోయి ఈదుతుంటే వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి, మేనత్తలు ముచ్చటపడతారు. న్యుమోనియా పట్టిన తాబేలు అలాగే ఒరుగుతుందనీ, ముక్కులోంచి బుడగలు వదులుతుందనీ, నోరు తెరిచి గాలి పీలుస్తుందనీ వాళ్ళకెవరు చెప్పారు కనుక!

చలి తగిలిందేమోనన్న అనుమానం వద్దు. దాని ఒంటికి సొంత వేడి లేదు, బయటి వెచ్చదనం తగ్గితే జబ్బును తట్టుకునే శక్తీ తగ్గుతుంది. నీళ్ళు 25 డిగ్రీలు, ఎక్కి కూర్చునే రాయి 32 డిగ్రీల దగ్గర ఉండాలి. అయితే హాల్లో ఏసీ 20లో ఉంటేనే మీకు నిద్ర పడుతుంది. ఇంటి పెద్ద ఎవరో తేల్చుకోండి.

ఎండ కావాలంటారా? మూసిన కిటికీ అద్దం వెనక పెట్టండి. వెలుగు, వేడి లోపలికొస్తాయి. తాబేలుకు అసలు కావలసిన యూవీబీ కిరణం మాత్రం అద్దం దగ్గరే ఆగిపోతుంది. అది లేకపోతే విటమిన్ డి3 తయారవదు, డి3 లేకపోతే కాల్షియం ఒంటికి పట్టదు, డిప్ప మెత్తబడుతుంది. మెత్తబడిన డిప్పను నొక్కి చూడటం పిల్లలకు భలే సరదా. దాని వెన్నెముక, పక్కటెముకలు ఆ డిప్పలోనే కలిసిపోయి ఉంటాయని, నొక్కితే దానికి తెలుస్తుందని చెప్పి వాళ్ళ ఆట చెడగొట్టకండి. మెరుపు తగ్గితే కొబ్బరినూనె పట్టించండి. అప్పుడు అడుగున ఏం కుళ్ళుతోందో కనబడదు.

తిండి సంగతి. ఉదయం ఎండురొయ్యలు, రాత్రి ఎండురొయ్యలు. (అవి గోంగూరలో మనకెంత బాగుంటాయో తాబేలుకు అంత చెడ్డ భోజనం.) విటమిన్ ఎ చాలక కళ్ళు వాస్తే ఆకుకూర పెట్టేరు, దిష్టి తీయండి. న్యుమోనియాకి ఎండుమిరపకాయల పొగ తోడైతే ఫలితం త్వరగా తెలుస్తుంది.

ఇక మందు. అక్వేరియం షాపతను ఇచ్చిన నీలం చుక్కలు వేయండి. రూపాయి బిళ్ళంత పిల్లను అంటగడుతూ “ఇంతే ఉంటుంది సార్” అన్న మేధావి అతనే. ఎక్కడో మిసిసిపీ నది ప్రాంతానిదైన ఈ ఎర్రచెవుల స్లైడర్ ఆడదైతే అడుగు దాకా పెరుగుతుంది, సరిగా చూస్తే 30 ఏళ్ళు ఉంటుంది. కుక్కకు వాడగా మిగిలిన ఐవర్‌మెక్టిన్ ఇంట్లో ఉంటే డాక్టరు ఖర్చు పూర్తిగా కలిసొస్తుంది. అది తాబేళ్ళను చంపుతుంది. సరీసృపాలు తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్ళారా, ముందు త్రాసు తీసి గ్రాముల లెక్క చూస్తాడు, తరవాత “ఏ లైటు వాడుతున్నారు?” అనడుగుతాడు. అలాంటి ప్రశ్నలు పరువుగల కుటుంబాలకు నప్పవు. మీది నక్షత్ర తాబేలైతే డాక్టరు కన్నా ముందు వకీలును చూడండి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పెంచడమే నేరం.

తొట్టె వంటింటి సింకులోనే కడగండి. తాబేళ్ళ మీదుండే సాల్మొనెల్లా క్రిమి భయంతో అమెరికావాళ్ళు 1975లో 4 అంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకం ఆపేశారు. మనకంత పిరికితనం దేనికి?

ఏదీ పనిచేయకపోతే గుడి కోనేట్లోనో ఊరి చెరువులోనో వదిలేయండి. పుణ్యానికి పుణ్యం. ప్రపంచంలోని 100 అతి చెడ్డ చొరబాటు జీవుల జాబితాలో ఎర్రచెవుల స్లైడర్ పేరుంది, మీ తొట్టెలోని జబ్బు అక్కడి తాబేళ్ళకూ అందుతుంది. గట్టు మీద మీకన్నా ముందు ఇద్దరు ముగ్గురు బకెట్లతో నిలబడి ఉంటే తోసుకోకండి, వరసలో రండి.