వదిలేయాల్సిన చోటు

రాజమండ్రి కోటిలింగాల రేవు. ఎండాకాలం, పొద్దున్నే వాటర్ కలర్ వర్క్‌షాప్. మెట్ల మీద కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది కాలేజీ పిల్లలు. వాళ్ల మధ్య ఖద్దరు చొక్కా వేసుకున్న ఓ పెద్దాయన. వ్యాపారం కొడుక్కి అప్పజెప్పి ఈమధ్యే కుంచె పట్టారు. 300 జీఎస్‌ఎం కాటన్ కాగితం, ఉడత వెంట్రుకల కుంచెలు, ఖరీదైన ట్యూబులు అన్నీ డ్రైవరు మోసుకొచ్చి పెట్టాడు.

"దామెర్ల రామారావు పుట్టిన ఊరు బాబూ ఇది. 1925లో పోయేనాటికి ఆయనకి ముప్ఫై కూడా నిండలేదు. ఆలోపే అన్ని బొమ్మలేశాడు. డెబ్బై ఏళ్లొచ్చాయి, నేనొక్కటి వేయలేనా?" అన్నారు పక్క కుర్రాడితో.

మేష్టారు కాగితాన్ని అట్టకి టేపుతో అంటించి మొదలుపెట్టారు.

"తెల్లరంగు జోలికి పోవద్దు. కాగితం తెలుపే మన తెలుపు. ముందు లేత రంగులు, ఆ తర్వాతే ముదురు. అదిగో, ఏటి మధ్యన మెరుస్తోందే ఇసుక తిన్నె, దాన్ని వేయకూడదు. చుట్టూ నీళ్లు వేసి దాన్నలా వదిలేయాలి. ఈ విద్యలో సగం వదిలేయడమే."

పెద్దాయన కాగితం తడిపి ఆకాశం వేశారు. బాగానే కుదిరింది. కింద నీలం పరిచారు. తడి ఆరకముందే కొవ్వూరు వైపు చెట్లు పెడితే, ఆ పచ్చదనం మెత్తగా నీళ్లలోకి జారింది. మధ్యలో అరచేయంత తెల్లజాగా మిగిలింది. ఆయన చెయ్యి ఊరుకోలేదు. ఈ అంచున కాస్త నీలం, ఆ అంచున ఇంకాస్త.

"వదిలేయండి సార్!" అరిచారు మేష్టారు.

"అంత జాగా ఊరికే వదిలేస్తే ఎలాగండీ?" అంటూనే మిగతాదీ కప్పేశారు.

మేష్టారు తడి కుంచెతో రుద్ది, టిష్యూతో అద్ది చూశారు. ప్రష్యన్ బ్లూ. అప్పటికే కాగితానికి పట్టేసింది.

"ఇక రాదు సార్" అన్నారు.

రేవులో పడవ కట్టేసి మెట్లెక్కుతున్న ఒకతను పెద్దాయన్ని చూసి, తలగుడ్డ తీసి దణ్ణం పెట్టాడు. బొమ్మకేసి చూశాడు. ఏటికేసి చూశాడు.

"ఎలా ఉందిరా?"

"ఆయ్, అచ్చం తమరి ఇసుక ర్యాంపులాగే ఉందండి బాబుగోరూ! గుప్పెడైనా మిగల్చలేదు."